ముందు తిరగేసి చూడండి

కోనసీమలోనో, ఇటు పాలకొల్లు, నరసాపురం వైపో పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసేటప్పుడు అటక మీంచి దిగిన సామాను మూడు వాటాలవుతుంది. ఇత్తడీ రాగీ ఇంట్లోనే ఉండిపోతాయి. టేకు మందసం, పందిరిమంచం లాంటివి బేరగాళ్లు వచ్చి పట్టుకుపోతారు. మిగిలిందంతా పాత ఇనుము బండికి, తూకానికి. ఆ మిగిలినదాంట్లో తుప్పుపట్టిన బిస్కెట్ డబ్బా ఒకటి ఉంటుంది. అందులో గోళీలు, బొంగరం ములుకులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, వాటి మధ్య రంగు లేచిపోయిన నాలుగైదు బుల్లి కార్లు. ఇనప కార్లు అంటాం గానీ అవి ఇనుము కాదు, జింకు పోత. అయస్కాంతం పెడితే ఇరుసుకి అంటుకుంటుంది, ఒంటికి అంటుకోదు.

తూకానికి పోకుండా ఆసక్తి ఉన్నవాళ్ల చేతిలో పడితే బతికిపోయాయని అనుకుంటాం. చాలాసార్లు అక్కడే చస్తాయి. ముందు కుళాయి కింద పెట్టి పీచుతో తోముతారు. తర్వాత స్ప్రే పెయింటు డబ్బా కొంటారు. నిగనిగలాడించి, ఫొటో తీసి, కింద "రేర్ కలర్" అని రాస్తారు. నా పేచీ అంతా దీనితోనే. పాత బొమ్మ కారులో అరుదైన తేడా అంటూ ఉంటే, దాన్ని నమ్మించగలిగే సాక్ష్యం అడుగున ఉంటుంది, చక్రాల్లో ఉంటుంది, పోతలో ఉంటుంది. రంగుని అందరికంటే చివర పిలవాలి. కడగకముందు, మెరుగు పెట్టకముందు, బేరం కుదుర్చుకోకముందు బండిని తిరగేసి చదవాలి.

ఎందుకో తెలియాలంటే ఈ బండ్లు ఎలా తయారవుతాయో కొంచెం తెలియాలి. కరిగించిన జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి కొట్టడమే డై కాస్టింగ్. ఆ మిశ్రమంలో సుమారు 4 శాతం అల్యూమినియం ఉంటుంది, 385 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో కరిగిపోతుంది. ఉక్కు అచ్చు చేయించడం బాగా ఖర్చుతో కూడిన పని, కాబట్టి ఒకే అచ్చు మీద ఏళ్ల తరబడి బండ్లు తీస్తారు. మధ్యలో ఎక్కడో బలం చాలక పోత విరుగుతుంటే అచ్చులో ఆ చోట కాస్త చెక్కుతారు. అచ్చులో చెక్కిన చోట బండి మీద గీతలాగా, దిమ్మలాగా ఉబ్బి వస్తుంది. అచ్చుని చెక్కడం తేలిక, చెక్కినదాన్ని మళ్లీ పూడ్చడం కష్టం. అందుకని పోతలో తేడాకి ఒక వరస ఉంటుంది: లోపల దిమ్మ లేనిది ముందుది, ఉన్నది తర్వాతది. ఆ దిమ్మని ఇంట్లో కూర్చుని ఎవరూ సృష్టించలేరు. రంగుకి ఈ వరస లేదు. డ్రమ్ములో ఉన్న రంగు అయిపోతే ఇంకో డ్రమ్ము తెరుస్తారు. కొంచెం చిక్కగా ఒకటి, పలచగా ఒకటి. ఆ రెండూ రెండు రకాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నమ్మకంలో నేను పెట్టుకునే వరస ఇది. అన్నిటికంటే పైన పోతలో తేడా. తర్వాత అడుగు భాగం మీది అక్షరాలు, అది లోహమా ప్లాస్టిక్కా అన్నది. తర్వాత ఇరుసూ చక్రాలూ. ఆ కింద అద్దాల రంగు, లోపలి సీట్ల రంగు. ఆ కింద స్టిక్కర్లు, నీళ్లలో తడిపి అంటించే బొమ్మలు. అట్టడుగున ఒంటి రంగు. కింద ఉన్నదాన్ని పైన ఉన్నవి సమర్థిస్తేనే అది నిలుస్తుంది.

రంగులో అరుదైనవి లేవని కాదు. ఇంగ్లండులో తయారైన మ్యాచ్‌బాక్స్ బుల్లి బండ్లలో 62వ నంబరు మెర్క్యురీ కూగర్ కారు మామూలుగా మెరిసే నిమ్మాకుపచ్చలో వస్తుంది, మీగడ రంగులో ఉన్నది చాలా అరుదు. 30వ నంబరులో వచ్చిన మాగిరస్ డాయిట్జ్ క్రేను మామూలుగా వెండి రంగు, లేత గోధుమ రంగుది దొరికితే పెద్ద వేలంపాటకు ఎక్కుతుంది. ఇవి నిజాలు. అయితే సరిగ్గా ఇలాంటి వాటి వల్లే స్ప్రే డబ్బాలకు గిరాకీ వచ్చింది. కాబట్టి రంగు గురించిన మాట ఎవరు చెప్పినా, బయటి రంగు మాట అటుంచి దాచిన రంగు చూపించమని అడగాలి. ఒంటికీ అడుగు భాగానికీ మధ్య అంచులో, తలుపు కీలు లోపల, పైకప్పు లోపలి వైపున ఎండ తగలదు, చేతులు తగలవు. బయట మీగడ రంగు, లోపల పసుపు అయితే అది ఎండకి వెలిసిన మామూలు పసుపు బండి. మన దగ్గర కిటికీ గూట్లో రెండు వేసవులు ఉంచితే చాలు, ఎర్ర కారు గులాబీ రంగుకి తిరిగిపోతుంది.

చేతికి బండి రాగానే చేసే పని దాదాపు ఎప్పుడూ ఒకటే. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఏటవాలుగా వేయడానికి చిన్న టార్చి, తెల్ల కాగితం. ముందు అడుగు. తయారీదారు పేరు, దేశం పేరు, నంబరు, సంవత్సరం, ఏవి ఉన్నాయో ఎక్కడ ఏ వరసలో ఉన్నాయో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. "ఇంగ్లండ్" అని ఒకే పోతలో ఒకసారి ఉండి, ఇంకోసారి లేకపోవచ్చు. తర్వాత రివెట్లు. ఫ్యాక్టరీలో ఒంటికి రంగు వేసిన తర్వాతే అడుగు భాగం పెట్టి, ఒంటి లోపలి నుంచి వచ్చిన బుడిపె మూతిని నొక్కి చిదుముతారు. చిదిమినప్పుడు దాని మీది రంగు పగిలి లోహం బయటపడుతుంది. ఆ రివెట్టు తల నిండా ఒంటి రంగు నున్నగా కప్పేసి ఉంటే, బండిని విప్పకుండా మీద నుంచి పెయింటు కొట్టారన్నమాట. రివెట్టు మధ్యలో గుండ్రంగా డ్రిల్లు పోటు, దానిలో ఎపాక్సీ జిగురు లేదా బుల్లి స్క్రూ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించినట్టు లెక్క. ఇరుసు కొసల మీద ఒంటి రంగు చుక్కలున్నా అదే అర్థం: చక్రాలు ఎక్కిన తర్వాతే రంగు పడింది.

ఫ్యాక్టరీ రంగు పలచన, కాల్చి గట్టిపరిచినది. తలుపు గీత, బంపరు కింది సందు పదునుగా కనిపిస్తాయి. చేత్తో కొట్టిన రంగు ఆ గీతల్ని సగం పూడ్చేస్తుంది. టార్చి ఏటవాలుగా వేస్తే పాత గాయాల గుంటలు కొత్త రంగు కింద కనిపిస్తాయి, వాటి అంచులు గుండ్రంగా ఉంటాయి. అసలు గాయానికి అంచు పదును.

ఇక చక్రాలు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మ్యాచ్‌బాక్స్ బండ్ల వయసు చక్రాలే చెబుతాయి. లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు 1947లో లండన్‌లో కంపెనీ పెట్టి ఇద్దరి పేర్లూ కలిపి లెస్నీ అన్నారు. తర్వాత చేరిన జాక్ ఓడెల్, తన కూతురు బడికి పట్టుకెళ్లేలా అగ్గిపెట్టెలో పట్టే రోడ్డు రోలరు చేశాడు. అగ్గిపెట్టెలో పట్టేవే బడికి తేవచ్చని అక్కడి నియమం. 1953లో ఆ అగ్గిపెట్టె వరస, అంటే మ్యాచ్‌బాక్స్, మొదలైంది. మొదట లోహపు చక్రాలు. 1950ల చివర బూడిద రంగు ప్లాస్టిక్ చక్రాలు, కొన్నింటికి వెండి రంగువి, ఆపై నల్లవి. 1968లో అమెరికాలో మ్యాటెల్ వాళ్ల హాట్ వీల్స్ సన్నటి ఇరుసు మీద జారుతూ వచ్చేసరికి లెస్నీ కూడా 1969లో సూపర్‌ఫాస్ట్ చక్రాలకు మారింది. ఇరుసు కొస కూడా మారింది: తొలినాళ్లలో నొక్కి చదును చేసినట్టుండేది, తర్వాత గుండ్రటి తల వచ్చింది.

ఒకే బండి ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మారే సమయంలో కొద్ది నెలలు తయారైనవే మనకు కావలసినవి. పాత పోత, పాత రంగు, కొత్త చక్రం. లేదా తయారీ ఆగిపోబోయే బండికి చివర్లో అమర్చిన నల్ల చక్రం. ఇందులో ఇంకా సూక్ష్మం ఉంది. ఈ ప్లాస్టిక్ చక్రాల అంచు చుట్టూ టైరు పళ్లలాగా గాట్లుంటాయి. పరిశీలకులు వాటిని లెక్కపెట్టి 24, 36, 45 అని విడదీస్తారు. కంటితో లెక్కపెడితే ఇరవై దాటాక తప్పిపోతాం. చక్రానికి ఎదురుగా ఫోను పెట్టి దగ్గరి ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి, ఒక గాటు మీద గుర్తు పెట్టుకుని అక్కణ్ణుంచి చుట్టూ రావాలి. నాలుగు చక్రాలూ విడివిడిగా లెక్కపెట్టాలి. మూడు ఒక లెక్క, నాలుగోది ఇంకో లెక్క వస్తే ఎవరో మార్చారని తేల్చే ముందు ఇరుసు కొస చూడండి. కొస తల చుట్టూ శ్రావణం పళ్ల గుర్తులు, ఆకురాయి గీతలు ఉంటే మార్చారు. నున్నగా, పాతబడి, మిగతా మూడింటిలాగే ఉంటే ఫ్యాక్టరీలోనే కలిసిపోయి ఉండవచ్చు.

41వ నంబరు ఫోర్డ్ జీటీ తెల్ల కారు దీనికి మంచి పాఠం. దానికి మామూలుగా వచ్చే చక్రం మధ్య బిళ్ల పసుపు, ఎరుపు బిళ్లవి తక్కువ. పసుపు బిళ్ల మీద ఎరుపు పూసి అమ్మేవి ఉంటాయి. ముందు వైపు చూస్తే తెలియదు. కారుని పక్కకి వాల్చి చక్రం లోపలి వైపు టార్చి వేస్తే అక్కడ పసుపే ఉంటుంది. ప్లాస్టిక్కే ఎరుపైతే లోపలా బయటా ఒకటే ఎరుపు.

అడుగున ఉన్న సంవత్సరాన్ని చదవడం వేరు, నమ్మడం వేరు. హాట్ వీల్స్ అడుగున ఉండేది ఆ నమూనా హక్కు నమోదైన సంవత్సరం, బండి తయారైన సంవత్సరం కాదు. 1969 అని పోతలో ఉన్న బండి పాతికేళ్ల తర్వాత తయారై ఉండవచ్చు. టైరు చుట్టూ ఎర్ర గీత ఉందా చూడండి, అది 1977తో ఆగిపోయింది. 2008 నుంచి వచ్చిన వాటికి అడుగున ఒక అక్షరం, రెండంకెలు అచ్చు వేస్తున్నారు. అక్షరం ఏడాది, అంకెలు వారం. ఎ అంటే 2008, బి అంటే 2009, అలా. ఆ కోడు ఉన్న బండిని "చిన్నప్పటి పాతది" అని అమ్మితే తిరిగి ఇచ్చేయండి. ఇంగ్లండు వాళ్లవే ఇంకో రకం, పాత డింకీ బండ్లకైతే చక్రం మధ్య బిళ్ల చూడాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి నున్నటి బిళ్లలు, సన్న ఇరుసు. యుద్ధం తర్వాతి వాటికి బిళ్ల మీద గుండ్రటి గట్టు ఉంటుంది.

తేదీలు కలవకపోతే ఎంత మంచి కథైనా నిలవదు. మన ప్రాంతంలో దీనికి తేలిగ్గా పనికొచ్చే కొలమానం యానాం. యానాంలో ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది. బుల్లి కార్లు చేసే మాజొరెట్ కంపెనీ ఫ్రాన్సులో పుట్టింది 1961లో. కాబట్టి "యానాం ఫ్రెంచి దొరల కాలం నాటి మాజొరెట్" అనేది ఉండదు. ఫ్రాన్సులో తయారైన డింకీయో, సొలిడోనో అయితే ఆ కాలానికి సరిపోవచ్చు, అప్పుడైనా అడుగున అక్షరాలు చదవాల్సిందే. మన దగ్గర దొరికే మాజొరెట్లకీ, 1980ల మ్యాచ్‌బాక్సులకీ ఇంకా సూటి దారి ఒకటుంది. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లినవాళ్ల సూట్‌కేసులు. అప్పటికి లెస్నీ కూడా 1982లో మూతపడి, కొన్నవాళ్లు తయారీని మకావు, హాంకాంగుల వైపు తీసుకెళ్లారు. గల్ఫ్ ఇంటి డబ్బాలో మకావు అని ఉన్న మ్యాచ్‌బాక్స్ కనిపిస్తే అది నకిలీ అనుకుని పక్కన పడేయకండి. ఇంగ్లండు అడుగుతో, మకావు అడుగుతో ఒకే బండి రెండూ దొరికితే రెండూ పక్కపక్కన పెట్టండి. ఏ అక్షరం చెరిపి ఏది చెక్కారో అచ్చు తనే చెబుతుంది.

అసలు నా వాదన ఇక్కడే బలంగా ఉంది. మ్యాచ్‌బాక్స్, డింకీ, కోర్గీల తేడాలను ఇంగ్లండులో, అమెరికాలో అరవై ఏళ్లుగా గీకి గీకి రాసిపెట్టారు. మనం కొత్తగా చేర్చగలిగేది కొంచెమే. మన దేశంలో తయారైన వాటి గురించి అంత ఓపిగ్గా రాసిపెట్టినవాళ్లు తక్కువ, అవేమో మన అటకల మీదే ఉన్నాయి. డింకీ అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తా చేరి, అక్కడ నిక్కీ టాయ్స్ పేరుతో బండ్లు వచ్చాయి. అచ్చు అదే, పేరు వేరు. కొన్నింటి అడుగున పాత పేరు చెరిపిన చోటు ఇంకా తెలుస్తుంది: చుట్టూ నున్నగా ఉన్న లోహం మధ్యలో గరుకుగా ఒక పట్టీ, దాని మీద కొత్త అక్షరాలు కొంచెం వంకరగా. టార్చిని అడ్డంగా, బల్లకు దాదాపు ఆనించి వేస్తే పాత అక్షరాల నీడ పడుతుంది. కడగడానికి తొందరపడి ఇత్తడి బ్రష్షు పెడితే ముందు పోయేది ఆ నీడే. కలకత్తా నుంచే మ్యాక్స్‌వెల్ బండ్లూ, మిల్టన్ వాళ్ల మినీ ఆటో కార్లూ వచ్చాయి. విదేశీ బండ్లని చూసి చేసినవి, ముతక పోత, అంచుల్లో లోహపు రేకులు మిగిలిపోయి ఉంటాయి. ఆ తర్వాత లియో మ్యాటెల్ పేరుతో మన దేశంలోనే తయారైన హాట్ వీల్స్, బయటి దేశాల్లో ఎక్కడా రాని రంగులతో, బొమ్మలతో. వాటి కోసం విదేశీ సేకర్తలు ఎదురుచూస్తుంటే మనవాళ్లు వాటినే గీకి, "అసలు" హాట్ వీల్స్ రంగు వేస్తున్నారు. దీనికి నిజంగా బాధ కలుగుతుంది.

వీటిలో అంచుకి మిగిలిన రేకు, వంకర అక్షరం, తప్పు రంగు సీటు లాంటివి లోపాలా, రకాలా అని అడుగుతారు. ఒక్క బండికి ఉంటే లోపం. అదే తేడా వేర్వేరు ఊళ్లలో, ఒకరికొకరు సంబంధం లేని ఇళ్లలో దొరికిన మూడు బండ్లకు ఉంటే రకం. అందుకే ఏ బండి ఏ ఊరి నుంచి వచ్చిందో రాసుకోవడం రంగు రాసుకోవడం కంటే ముఖ్యం.

స్టిక్కర్ల మాట త్వరగా చెప్పేస్తాను. పాత స్టిక్కర్లలో రంగు ఒకే పూతగా నిండుగా ఉంటుంది. ఇప్పటి ప్రింటరులో తీసినది భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. మ్యాచ్‌బాక్స్ 5వ నంబరు లండన్ బస్సు మీద "విస్కో స్టాటిక్" ప్రకటన ఉన్నది ఎక్కడైనా దొరుకుతుంది, "పియర్‌డ్రాక్స్" ప్రకటన ఉన్నది అరుదు, కాబట్టి చుక్కలు వెతకాల్సింది రెండోదాని మీద. అట్టపెట్టెలకు 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి వేసి చూడండి. ఇప్పటి కాగితం నీలి తెలుపులో వెలిగిపోతుంది, 1950ల నాటి పెట్టె మొద్దుగా ఉండిపోతుంది.

బండిని చదివాం, ఫొటోలు తీశాం. ఇప్పుడు కడగవచ్చా? కడగవచ్చు, కానీ మన ఊరి నీళ్లతో కాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న మండలాల్లో బోరు నీటిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు పోతలోని సందుల్లో, ఇరుసు గొట్టంలో మిగిలిపోయి గాలిలోని తేమని లాక్కుని జింకుని తింటుంది. ఆరు నెలల తర్వాత తెల్లపొడి లేస్తుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరు లీటరుకి గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు చాలు. స్టిక్కరు ఉన్న చోటు తడపకూడదు. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో తుడిచి, చివర మళ్లీ ఒట్టి డిస్టిల్డ్ వాటరుతో కడగాలి. ఫ్యాను గాలికి ఒక పూట ఆరబెట్టాలి, ఎండలో పెట్టకూడదు.

లంక గ్రామాల ఇళ్ల నుంచి వచ్చిన వాటికి వరద ఒండ్రు పట్టి ఉంటుంది. అది ఎండితే సిమెంటులా బిగుస్తుంది, చక్రం తిరగదు. బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ చక్రం మధ్య రంధ్రం అరిగిపోతుంది, లేదా ఇరుసు పట్టుకున్న పోత చెవి విరుగుతుంది. అడుగు భాగం మాత్రమే మునిగేలా పళ్లెంలో పావు అంగుళం డిస్టిల్డ్ వాటరు పోసి గంట నానబెట్టాలి. ఒండ్రు మెత్తబడ్డాక పళ్లు కుట్టుకునే పుల్లతో కొంచెం కొంచెంగా తీయాలి. రెండు మూడు సార్లు నీళ్లు మార్చాలి. బాగా ఆరిన తర్వాత కుట్టుమిషను నూనె సూది మొనతో ఒక్క చుక్క ఇరుసుకి. కొబ్బరినూనె వద్దు. కోనసీమలో ప్రతి ఇంట్లో చేతికందేది అదే, కానీ అది కొన్నాళ్లకు ముదిరి జిగురవుతుంది, దుమ్ము పట్టి చక్రాన్ని మళ్లీ బిగిస్తుంది.

చింతపండు పెట్టి తోమితే ఇత్తడి తళతళలాడుతుంది, జింకు మాత్రం నల్లబడి గుంటలు పడుతుంది. నిమ్మకాయ, వెనిగరు, ఇత్తడి తోమే పొడి అన్నీ ఆ కోవలోవే. పులుపు తగిలితే జింకు కరుగుతుంది, అంతే.

తెల్లపొడి లేచినంత మాత్రాన బండి పోయినట్టు కాదు. పైపైన లేచిన తెల్లదనం మెత్తటి బ్రష్షుతో పోతుంది, దాని కింద లోహం గట్టిగా ఉంటుంది. భయపడాల్సింది జింకు తెగులుకి. పోత మిశ్రమంలో సీసం లాంటి మలినాలు పడితే వస్తుంది, సీసం 0.005 శాతం దాటినా ప్రమాదమే. వేడీ తేమా దాన్ని తొందరపెడతాయి. యుద్ధానికి ముందు 1930ల డింకీలకు ఇది ఎక్కువ. గుర్తు ఏమిటంటే రంగు కింద నుంచి సాలెగూడులాంటి పగుళ్లు, వంగిపోయిన ఒళ్లు, ఒకప్పుడు సరిపోయిన అడుగు భాగంలో ఇప్పుడు పట్టకపోవడం. లోహం ఉబ్బుతుంది మరి. దానికి మందు లేదు. జిగురు పోసి ఆపలేరు. పక్క బండికి అంటుకునే జబ్బు కాదు గానీ, కొనేటప్పుడు తెలియాలి. వెర్నియర్‌తో పొడవు కొలిచి రాసుకుని ఏడాది తర్వాత మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే తెగులు ఉన్నట్టే.

దాచడం గురించి బయటి దేశాల సలహాలు మనకు పూర్తిగా పనికిరావు. అక్కడ చలీ పొడీ, ఇక్కడ ఉక్కపోత. మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. బండ్లకు 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. 20 లీటర్ల గాలి చొరబడని పాలీప్రొపిలీన్ డబ్బా, అందులో గుడ్డ సంచుల్లో 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు. మీటరు నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. సీసా మూతలో చెమ్చా ఉప్పు వేసి ముద్దగా తడిపి, మీటరుతో కలిపి జిప్ సంచిలో మూసి ఒక రాత్రి ఉంచితే 75 చూపించాలి. 80 చూపితే అది ఎప్పుడూ అయిదు ఎక్కువ చెబుతుందని రాసిపెట్టుకోండి. నారింజ రంగు జెల్ పచ్చగా మారితే తడి పట్టినట్టు. 110 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజకు వస్తుంది.

కలరా ఉండలు, కర్పూరం డబ్బాలో వేయకండి. ఆ ఆవిరి కొన్ని పాత ప్లాస్టిక్ అద్దాలను మెత్తబరిచి మసక చేస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు వద్దు. టైర్లలోని నూనె కింద ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టెను కరిగించి అంటుకుపోతుంది కాబట్టి టైర్ల కింద ఆమ్లం లేని కాగితం ముక్క పెట్టండి. వార్తాపత్రికలో చుట్టవద్దు. ప్లైవుడ్ అలమరా వదిలే ఆవిర్లు కూడా జింకుకి పడవు. అట్టపెట్టెలు విడిగా ఉంచండి, అట్ట ఉంటే చెదలూ వెండిపురుగులూ వాసన పట్టి వస్తాయి. రేకుల కప్పు కింద అటక వద్దు, నేల మీద మొదటి అరా వద్దు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. లంకలో ఉన్నవాళ్లు రెండోది 13.75 దగ్గరే డబ్బాని పైకి ఎక్కించడం మేలు.

రంగు వేయడమే తప్పా అని అడిగేవాళ్లకు: రంగు ఒక్క రేణువు కూడా మిగలని, చక్రాలు లేని, వందల కొద్దీ దొరికే పోతని ముచ్చటపడి కొత్తది చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు. పిల్లలు మళ్లీ ఆడుకుంటారు, మంచిదే. కాకపోతే అడుగు భాగం లోపలి వైపున చెరగని మార్కరుతో "రంగు మార్చినది" అని, సంవత్సరం వేసి రాయండి. సేకర్తలు అలాంటివాటిని మూడో కోడు అంటారు: తయారీదారు ప్రమేయం లేకుండా బయటివాళ్లు మార్చినవి. అలా రాయని బండి పదేళ్ల తర్వాత ఇంకొకరి చేతిలో "ఫ్యాక్టరీ రంగు" అయి కూర్చుంటుంది. సగం రంగు మిగిలినదాన్ని మాత్రం అలాగే ఉంచండి. ఆ సగమే దాని పుట్టుక సర్టిఫికెట్.

ఇంకోటి. పాత సామాన్ల బండి అతని దగ్గర తూకం ధరకు కొని, అది నిక్కీ అని తెలిసి నోరు మూసుకోవడం నాకు నచ్చదు. మంచి ధర ఇచ్చి, "ఇలాంటివి మళ్లీ వస్తే కడగకండి, డబ్బా డబ్బాగా పక్కన పెట్టండి, ఏ ఊళ్లో ఎత్తారో గుర్తుంచుకోండి" అని చెబితే, వచ్చే ఏడాది కారుతోపాటు దాని అట్టపెట్టె కూడా వస్తుంది, ఊరి పేరూ వస్తుంది. ఆ రెండూ లేని బండి సగం బండే.

ప్రతి బండికీ ఒక చీటీ: అడుగు మీది అక్షరాలు ఉన్నదున్నట్టు, లోహమా ప్లాస్టిక్కా, రివెట్ల సంఖ్య, చక్రం రంగు, గాట్ల లెక్క, ఇరుసు కొస రకం, అద్దాల రంగు, బయటి రంగు, దాచిన చోటి రంగు, 0.1 గ్రాము దాకా బరువు, దొరికిన ఊరు, తేదీ. పెన్సిలుతో రాయండి, సిరా తేమకు పాకుతుంది. చీటీని బండి కింద కాదు, డబ్బా మూత లోపల అదే వరసలో అంటించండి. ఇక జెల్‌ని ఓవెన్‌లో పెట్టాల్సింది ఆషాఢం జల్లులు మొదలవకముందు, రోహిణి కార్తె ఎండలుండగానే, ఇంట్లో గాలి కాస్త పొడిగా ఉన్న మధ్యాహ్నం చూసి.